ఒంటి ఇంటిపేరు వాళ్లు

శాన్ ఇసిద్రో కొండ
జనవరి 14, 2012

నోల్వియా వదినకు,

మీతో మాట్లాడమని మీ తమ్ముడు నాలుగుసార్లు ఫోన్ నా చేతికిచ్చారు. నాలుగుసార్లూ "బాగున్నారా వదినా" అని అడిగి ఆయనకే తిరిగి ఇచ్చేశాను. నాకు మాట గొంతులో ఆగిపోతుంది. కాగితం మీద మాత్రం ఆగదు. అందుకే దోన్ చేపె బస్సులో ఈ ఉత్తరం పంపుతున్నాను. సంచిలో అత్తయ్య కాల్చిన మొక్కజొన్న రోస్కియాలు ఉన్నాయి. దోన్ చేపె దారిలో కొన్ని తింటాడు, ఏమీ అనుకోకండి.

నాకు ఉద్యోగం వచ్చింది వదినా! ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే పని. ఆరో తరగతితో ఆపేసినదాన్ని. అయినా చర్చి సిస్టర్ల దగ్గర టైపు నేర్చుకున్నానని పెద్ద నర్సు దోన్యా ఎల్వియా తీసుకున్నారు. డిసెంబర్‌లో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. ఎవరో ఇంజనీరు వచ్చి ఒక్క పూట ఉన్నాడు. పేర్లన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లో పోసి, "అంతా సరిగ్గా ఉంది" అని చెప్పి, కోడి పులుసు తిని వెళ్లిపోయాడు.

కంటి డాక్టర్లు ఏటా వచ్చి బడి గదుల్లో శుక్లాలు తీస్తారు కదా, ఈసారి ఫిబ్రవరి చివరి వారంలో వస్తున్నారు. ఫిబ్రవరి పది మధ్యాహ్నం బస్సుకు మనం జాబితా పంపాలి. అందులో పేరు లేనివాళ్లకు ఆపరేషన్ లేదు, మళ్లీ వచ్చే ఏడాదే. నేను మీట నొక్కి జాబితా తీస్తే నూట డెబ్భై ఒక్క పేర్లు వచ్చాయి. అందరి పేర్లూ చేత్తో రాసుకున్న నోటుపుస్తకంలో చూస్తే రెండు వందల పన్నెండు ఉన్నాయి.

రానివాళ్లలో మా అమ్మ ఉంది. నోటుపుస్తకంలో ఆమె వేలిముద్ర కూడా ఉంది, జాబితాలో మాత్రం లేదు. టోర్టియా కాలిందో మాడిందో ఇప్పుడు అమ్మకు వాసనతోనే తెలుస్తుంది. ఇంకో ఏడాది ఆగితే ఆ మిగిలిన వెలుగు కూడా ఉండదని పోయినసారి డాక్టర్ అన్నాడు.

మీరు ఆసుపత్రి రికార్డుల్లో పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నారు. యంత్రాన్ని ఎలా అడగాలో నాకు చెబుతారా?

మీ మరదలు
దిల్సియా మెహియా దె పినేదా

*

శాన్ పెద్రో సూలా
జనవరి 20

దిల్సీ పిల్లా!

సంచిలో రోస్కియాలు పదకొండే చేరాయి. దోన్ చేపెకి ఈ జన్మలో మోక్షం లేదు.

నీకు ఉద్యోగమా! అదీ కంప్యూటర్ ముందా! ఉత్తరం చదివి నేను వేసిన గెంతుకు పక్క బల్ల మీద కాఫీ ఒలికింది. మా ఓల్విన్ గాడికి ఆ పెట్టె ఏ వైపు నుంచి తెరుచుకుంటుందో కూడా తెలీదు. వాడి పెళ్లాం దానికి యజమానురాలట!

ఒక మాట ముందే అనేస్తాను, కోపం తెచ్చుకోకు. మీ అమ్మను జాబితాలో దూర్చడం ఎలాగో చెప్పమని అడుగుతున్నావా? మా అత్తను ముందు పెట్టు, మా మామను పైకి జరుపు అంటూ ఇక్కడ రోజుకు నలుగురు వస్తారు. నలుగురికీ ఒకటే జవాబు చెబుతాను. నీకైనా అదే జవాబు. నువ్వడిగేది అది కాకపోతే మాత్రం, కాఫీ పెట్టుకుని కూర్చుని చదువు.

డేటాబేస్ మన దోన్యా చాయో కొట్టు లాంటిది. నువ్వు గల్లా ఇవతల ఉంటావు, సరుకంతా అవతల ఉంటుంది. సరిగ్గా అడిగితే సరిగ్గా ఇస్తుంది. తప్పుగా అడిగితే అడిగిన తప్పునే పొట్లం కట్టి చేతిలో పెడుతుంది. "ఇదా నీకు కావలసింది?" అని మాత్రం అడగదు.

తాకే ముందు చూడు. సెలెక్ట్ అనేది చూపించే మాట. అప్‌డేట్, డిలీట్ అనేవి చెయ్యి పెట్టే మాటలు. ఎవరి మీద చెయ్యి పెట్టబోతున్నావో వాళ్లను ముందు సెలెక్ట్‌తో పిలిచి మొహాలు చూసుకో. ఎవరిని అన్నది చెప్పకుండా డిలీట్ అన్నావా, ఊరు ఊరంతా ఒక్క దెబ్బకు పోతుంది. ఒక్కసారే మూట మొత్తం విప్పకు. రోనమ్ అంటే వరుస సంఖ్య, అది పదికి మించకూడదని రాస్తే పది మందే వస్తారు. పేరునూ ఇంటిపేర్లనూ ఒకటిగా అతికించాలంటే మధ్యలో రెండు నిలువు గీతలు పెట్టు. పొరపాటు జరిగితే రోల్‌బ్యాక్ అను, అంతా వెనక్కి వచ్చేస్తుంది. నేను కమిట్ అనేదాకా నా యంత్రం దేన్నీ నిజమనుకోదు, మా ఆయన లాగా.

ఎక్కడికెళ్లినా యంత్రాలన్నిటిదీ ఒకటే భాష. భయపడకు.

నీ వదిన నోల్వియా

*

శాన్ ఇసిద్రో కొండ
జనవరి 27

వదినా,

అమ్మను దూర్చమని నేను అడగలేదు. ఆమె పేరు రెండేళ్ల కిందటే రాసుకున్నారు, ముప్ఫై ఏడో వరుసలో ఉంది. ఆమె వెనక నూట డెబ్భై అయిదు మంది ఉన్నారు. ఎవరినీ దాటించమని నేను అడగను. మీరు అలా అనుకున్నారని రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంతకన్నా ఏమీ అనను.

రోనమ్ అని రాస్తే అలాంటి పేరున్న గడి తన దగ్గర లేదంది యంత్రం. ఇంజనీరు వదిలేసి వెళ్లిన ఒక సన్న పుస్తకం సొరుగులో దొరికింది, అట్ట మీద మైఎస్‌క్యూఎల్ అని ఉంది. రాత్రి భోజనాలయ్యాక మీ తమ్ముడు లాంతరు పట్టుకుంటే నేను చదివాను. మా యంత్రంలో వాక్యం చివర లిమిట్ పది అనాలట. పొద్దున్నే వెళ్లి అలాగే రాశాను. పది మంది వచ్చారు! నేను అడిగితే వచ్చారు వదినా, నోరు తెరవకుండానే! నా జీవితంలో ఎవరూ నేను అడిగిన వెంటనే అంత తొందరగా జవాబు చెప్పలేదు.

ఆ ఊపులో మీ రెండు నిలువు గీతలు పెట్టాను. లిమిట్ పెట్టడం మరిచిపోయాను.

పేర్లన్నీ సున్నాలైపోయాయి. దోన్ మాక్సిమో బోనియా సున్నా. అత్తయ్య స్నేహితురాలు దోన్యా లియా సున్నా. కింద దాకా ఒకదాని కింద ఒకటి, చెట్టు నుంచి రాలిన కాఫీ గింజల్లా సున్నాలు. ఊళ్లో ముసలివాళ్లందరినీ నేను సున్నాలు చేసేశాను. రోల్‌బ్యాక్ అన్నాను. "సరే" అంది, సున్నాలు అలాగే ఉన్నాయి. వెంటనే తీగ లాగేశాను.

అప్పటి నుంచి దాని మీద గుడ్డ కప్పి తుడుస్తున్నట్టు నటిస్తున్నాను. "జాబితా ఏమైంది దిల్సియా?" అని దోన్యా ఎల్వియా అడిగితే "దుమ్ము పట్టింది" అన్నాను. నన్ను ఏం చేయమంటారు?

దిల్సియా మెహియా దె పినేదా

*

శాన్ పెద్రో సూలా
జనవరి 30

ఏం చేశావే పిల్లా!

అప్‌డేట్ అన్నావు కదూ? సున్నాలు ఊరికే రావు. రోల్‌బ్యాక్ అన్నా తిరిగి రాలేదంటే నీ యంత్రం నిన్ను అడక్కుండానే ఖాయం చేసేసింది. అలాంటివి ఉన్నాయని విన్నాను, నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు. ఇక దేన్నీ ముట్టుకోకు. దోన్యా ఎల్వియా కాళ్లమీద పడి నిజం చెప్పెయ్. రెండు వందల పన్నెండు మందినీ నోటుపుస్తకంలోంచి మళ్లీ ఎక్కించాలంటే పదో తారీఖుకు అయ్యే పనేనా!

సెలవు పెట్టి శనివారం బస్సుకు వస్తున్నాను. నీ మీద అరవను. అరుపులన్నీ దారిలో దోన్ చేపె మీద అరిచేసే దిగుతాను.

నోల్వియా

*

శాన్ ఇసిద్రో కొండ
జనవరి 30

వదినా, వదినా!

మీ జవాబు వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి.

ఈ పొద్దున దోన్యా ఎల్వియా వచ్చి గుడ్డ లాగేశారు.

"ఏమ్మా, దీనికి చలేస్తోందా, దుప్పటి కప్పావు?"

"నేను అందరినీ సున్నాలు చేశానమ్మా," అన్నాను. ఏడుపు కూడా వచ్చింది.

"మా ఆయన ముప్ఫై ఏళ్లుగా సున్నాయే. అయినా రోజూ భోజనానికి వస్తున్నాడు. ముందు తీగ పెట్టి చూద్దాం పద."

పెట్టాం. అందరూ ఉన్నారు! దోన్ మాక్సిమో ఉన్నాడు, దోన్యా లియా ఉంది, ఎవరి పేరు వాళ్లకే ఉంది. నేను అన్నది సెలెక్టే, మీరు చెప్పినట్టు అది ఊరికే చూపిస్తుంది కదా, నేను దేన్నీ తాకనే లేదు. సన్న పుస్తకం మళ్లీ తీశాను. మా యంత్రంలో రెండు నిలువు గీతలకు అర్థం అతికించమని కాదట, "ఇదైనా అదైనా" అనట! "మాక్సిమోయా, బోనియాయా, ఏది నిజం?" అని నేను అడిగితే, పేర్లలో దానికి నిజం ఏం కనపడుతుంది, సున్నా అంది. ఇక్కడ అతికించాలంటే కాన్‌కాట్ అనాలి.

అసలు సంగతి ఇంకా ఉంది వదినా. ధైర్యం వచ్చి ఆ గీతల వాక్యాన్నే మళ్లీ పెట్టి నిదానంగా చూశాను. అన్నీ సున్నాలు కావు! అక్కడక్కడా నల్ అని ఉంది. మా యంత్రం ఖాళీని అలా రాస్తుంది. వేలు పెట్టి లెక్కపెట్టాను, నలభై ఒకటి. దోన్యా ఎల్వియా లెక్కపెట్టారు, ఆమెకూ నలభై ఒకటే. నోటుపుస్తకానికీ జాబితాకూ తేడా సరిగ్గా అంతే!

వాళ్లెవరో నోటుపుస్తకంలో చూశాను. ముప్ఫై ఏడు, ఎన్‌కార్నసియోన్ మెహియా, మా అమ్మ. యాభై రెండు, శాంతోస్ గుటియేరెస్. డెబ్భై, రైముందా వాస్కెస్. నూట పదకొండు, చర్చి గంట కొట్టే ఫెలిపె ఒర్తేగా. అయిదో పేరుకే నాకు అర్థమైపోయింది. నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? అందరికీ నాన్న ఇంటిపేరు ముందు, అమ్మ ఇంటిపేరు వెనక ఉంటాయి. వీళ్లకు ఒక్కటే ఉంది, రెండోదాని చోటు ఖాళీ. ఎవరినీ నాన్న కాగితం మీదకు ఎక్కించుకోలేదు, అమ్మ ఇంటిపేరు మాత్రమే మిగిలింది. అతికించేటప్పుడు ఒక్క ఖాళీ తగిలితే చాలు, మా యంత్రం మొత్తం పేరునే ఖాళీ చేస్తుంది. పేరు ఖాళీగా ఉన్నవాళ్లను ముద్రించవద్దని ఇంజనీరు రాసిపెట్టి వెళ్లాడు. అలా పోయారు నలభై ఒక్క మందీ.

దోన్యా ఎల్వియా చప్పట్లు కొట్టి, "ఇంతేనా! ఖాళీల్లో తలా ఒక ఎక్స్ పెట్టెయ్, పోయేదేముంది!" అన్నారు.

"వద్దమ్మా," అన్నాను.

నేనే అన్నాను వదినా, పైకి వినపడేలా. డాక్టర్ల మనుషులు గుర్తింపు కార్డుతో జాబితాను అక్షరం అక్షరం సరిచూస్తారు. కార్డులో లేని ఎక్స్ జాబితాలో ఉంటే వెనక్కి పంపేస్తారు. అది ఒక కారణం. రెండో కారణం నేను చెప్పలేదు, మీకు రాస్తున్నాను. వాళ్లలో పోయింది ఏదీ లేదు. లేనిదాన్ని ఎందుకు నింపాలి?

ఇంకొకటి కూడా రాసేస్తాను, ఇవాళ రాయకపోతే ఎప్పటికీ రాయలేను. నాకూ ఒక్కటే ఇంటిపేరు. పెళ్లిచూపులప్పుడు అత్తయ్య అడిగితే మీ తమ్ముడు భయపడి "మెహియా సెలాయా" అనేశారు. సెలాయా అనేవాళ్లు మాకెవరూ లేరు. పెళ్లయినప్పటి నుంచి మీ ఇంటిపేరు "దె పినేదా" వెనక దాక్కుంటున్నాను. అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఖాళీ తగిలినా పేరు మింగకుండా అతికించడం ఎలాగో తొందరగా రాయండి. పదకొండు రోజులే ఉన్నాయి.

దిల్సియా

*

శాన్ పెద్రో సూలా
ఫిబ్రవరి 2

నా బంగారు దిల్సీ,

నిన్న నీ ఉత్తరం వచ్చేసరికి బట్టలు సంచిలో సర్దుతున్నాను. నిలబడే చదివాను. చదివి సంచి మీదే కూర్చున్నాను. లోపల అమ్మకు తెచ్చిన జామ మిఠాయి ఉంది, నలిగి గోడకు పూసే సున్నంలా అయింది. అమ్మకు చెప్పకు. శనివారం ప్రయాణం మానుకున్నాను, ఇక నీకు నా అవసరం లేదు.

ముందు క్షమాపణ. నువ్వు దూర్చమని అడిగావనుకున్నాను. నీ తొందరలో అందర్నీ చెరిపేశావనుకున్నాను. రెండూ తప్పే. అన్ని యంత్రాలదీ ఒకటే భాష అన్నానే, అది అన్నిటికన్నా పెద్ద తప్పు. మీది మైఎస్‌క్యూఎల్, మాది ఒరాకిల్ అనే వేరే రకం. ఇది ఖాళీని పట్టించుకోకుండా మిగతా పేరు అతికించేస్తుంది, అందుకే పన్నెండేళ్లలో ఒక్కరూ తప్పిపోలేదు. నేనేమో నా తెలివి అనుకున్నాను. మీ పాత కంప్యూటర్ కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. భాష ఒకటే అమ్మా, యాస వేరు. ఉత్తర తీరం వాళ్లను మన కొండ మీదకు తెస్తే సగం మాటలకు బుర్ర గోక్కోరూ?

ఇప్పుడు విను. మా దగ్గర ఎన్‌వీఎల్ అంటాం, మీ దగ్గర ఇఫ్‌నల్ అంటారట. రెండూ వదిలెయ్. ఏ యంత్రం దగ్గర కూర్చున్నా అర్థమయ్యే మాట ఒకటుంది, కోఅలెస్. "ఇది ఉంటే ఇది, లేకపోతే అది" అని దాని అర్థం. రెండో ఇంటిపేరు ఉంటే అది తీసుకో, లేకపోతే ఊరికే ఏమీ లేని రెండు కొటేషన్ గుర్తులు తీసుకో అని రాయి. ఎవరి గడినీ నింపక్కర్లేదు. చదివేటప్పుడు మింగకపోతే చాలు. ముందు ఇంజనీరు వాక్యానికి ఒక నకలు తీసుకుని, ఆ నకలు మీదే మార్చు.

నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చి నా వాక్యాలు ఒక్కొక్కటే తీశాను. మళ్లీ చూపించుకోవడానికి రమ్మని రోగులకు కబురు పంపేటప్పుడు "బి వార్డు కానివాళ్లు" అని అడుగుతాను. వార్డు రాయనివాళ్లు బి కాదు కదా, రావాలి కదా? రారు! "ఖాళీ బి అవునా కాదా" అంటే యంత్రం "నాకేం తెలుసు" అంటుంది. తెలియనివాళ్లను బయటే వదిలేస్తుంది. పంతొమ్మిది మంది, దిల్సీ! మధ్యాహ్నంలోగా పంతొమ్మిది మందికీ కబురు పంపాను. పన్నెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఆరో తరగతి మరదలి దగ్గర చదువుకున్నాను. సిగ్గుగా లేదు, గర్వంగా ఉంది.

ఇక నీ రహస్యం. పిచ్చిపిల్లా, పెళ్లిలో ఫాదర్ నీ పేరు పైకి చదవలేదా? "దిల్సియా మెహియా" అని ఆగి, ఇంకా ఏమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశాడు. చర్చి అంతా చూసింది. నువ్వొక్కదానివే తల దించుకుని ఉన్నావు. ఆ రోజే అమ్మ నాతో ఏమందో తెలుసా? "సెలాయా అని అబద్ధం చెప్పిన నా కొడుకును రెండు పీకాలి. పిల్ల ఏం చేసింది?" ఇన్నాళ్లూ నువ్వు దాక్కుంటున్నావని మాలో ఎవరికీ తెలియదు. నీకు మాట తక్కువ అనుకున్నాం.

నోల్వియా

*

శాన్ ఇసిద్రో కొండ
ఫిబ్రవరి 10

వదినా,

రెండు వందల పన్నెండు!

దోన్ చేపె హారన్ కొడుతున్నాడు, అందుకే చిన్నగా రాస్తున్నాను. మొదటిసారి ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోయాను, యంత్రం అరిచింది. మూశాను. ముందు ఊరికే లెక్క అడిగాను, 212 అంది. అప్పుడు ముద్రించాను. ముప్ఫై ఏడో వరుసలో ఎన్‌కార్నసియోన్ మెహియా! దోన్యా ఎల్వియా నన్ను పట్టుకుని గదంతా తిప్పారు, సూది మందుల పళ్లెం కింద పడింది. గడుల్లో దేన్నీ మార్చలేదు. ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి, మనుషులు మాత్రం వచ్చారు.

మీకు ఒక చిట్కా. ఎప్పుడైనా మైఎస్‌క్యూఎల్ ముందు కూర్చుంటే, చెయ్యి పెట్టే ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ అనండి. అలా అనకపోతే రోల్‌బ్యాక్ అన్నా ఊరికే తల ఊపుతుంది గానీ ఏమీ వెనక్కి ఇవ్వదు. నేను ఒక ఉత్తుత్తి పట్టిక చేసుకుని, అందులో మన కోళ్ల పేర్లు రాసి పరీక్షించాను. ఒక కోడి పోయింది. పట్టికలోనే లెండి.

అత్తయ్యకు నేనే చెప్పాను. "తెలుసు, ఆ గిన్నె ఇలా ఇవ్వు" అన్నారు. మీ తమ్ముడికి మాత్రం రెండు పడ్డాయి.

జాబితా దోన్ చేపె చేతిలో పెడుతున్నాను. చొక్కా లోపల పెట్టుకుంటానంటున్నాడు.

దిల్సియా

*

శాన్ ఇసిద్రో కొండ
మార్చి 3

వదినకు,

అమ్మకు కట్టు విప్పారు.

నాలుగు రోజుల కిందట బడి గదిలో ముప్ఫై ఏడు అని పిలవగానే ఒక అమ్మాయి కార్డు తీసుకుని జాబితా మీద వేలు పెట్టింది. "ఎన్‌కార్నసియోన్ మెహియా. తర్వాత?" అని అడిగింది. నా గొంతు ఎప్పటిలా ఆగిపోతుందనుకున్నాను. "తర్వాత ఏమీ లేదు, అంతే," అన్నాను. కార్డూ కాగితమూ ఒకటేనని చూసుకుని "లోపలికి రండి దోన్యా" అంది. ఇన్నేళ్లలో మా అమ్మను గౌరవంగా దోన్యా అన్న మొదటి మనిషి ఆ పిల్లే.

కట్టు విప్పాక అమ్మ ముందు తన చేతులు చూసుకుంది. "ఇంత ముసలివైపోయాయా ఇవి, నాకెవరూ చెప్పలేదే!" అని నర్సుల మీద కేకలేసింది. తర్వాత నడవాలోకి వచ్చింది. అక్కడ గోడ మీద జాబితా అంటించి ఉంది. అమ్మకు చదువు రాదు.

"ఇందులో నేనెక్కడున్నానే?"

"వెతుక్కో అమ్మా. నీ వరుస పొట్టిగా ఉంటుంది."

ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరకు పోయి చూసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వచ్చి చూసింది. ఇన్నేళ్లూ దూరం నుంచి ఏమీ కనపడని మనిషి వెనక్కి వచ్చి మరీ చూసింది వదినా! మిగతా పేర్లు కాగితం చివరిదాకా ఉన్నాయి. నలభై ఒకటి మాత్రం మధ్యలోనే ఆగాయి, కంకిలో గింజలు ఒలిచిన చోట్లలా. అమ్మ వాటి మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టుకుంటూ కిందికి పోయింది.

"ఇది శాంతోసు. ఇది గంట కొట్టే ఫెలిపె అయి ఉంటాడు. అందరం ఉన్నామే!"

"అందరూ ఉన్నారు."

"పొట్టివైతేనేం," అంది అమ్మ, "దూరం నుంచే దొరుకుతున్నాం."

పక్క ఊరి ఆరోగ్య కేంద్రం వాళ్లు వచ్చే నెల వచ్చి వాళ్ల జాబితా కూడా చూసిపెట్టమని కబురు పంపారు. వాళ్లది మూడో రకం యంత్రమట, అక్కడ లిమిట్ అనకూడదట, టాప్ అనాలట. ఇంకా వెళ్లనే లేదు, నాకు చేతులు దురద పెడుతున్నాయి. మీరూ వస్తే ఇద్దరం కలిసి వెళ్దాం. దారి పొడుగునా నేనే మాట్లాడతాను, మీరు వినాలి.

దిల్సియా మెహియా